ఇంటి వస్తువులను ముట్టుటచే వైరసు వ్యాధులు సంక్రమించుటను గూర్చిన పాఠము

(పురపాలక సంఘముల యధికారులకును, తాలూకా యధికారులకును ఉపయోగార్థము)

ఉద్దేశము

1. ఊరిలో అంటువ్యాధి పొడసూపినదన్న వార్త రాగానే పురపాలక కార్యాలయమున మొట్టమొదట వినవచ్చు ప్రశ్న, "బ్లీచింగు పొడి యెంత నిలువయున్నది?" అనునది. వీధులలో పొడి చల్లుదురు. గోడలపై మందునీరు పిచికారీ చేయింతురు. రోగి యింటి గడపను కడిగింతురు. ఈ పనులు కంటికి కనబడునవి గావున ప్రజలకు ధైర్యమును, అధికారికి తాను ఊరకుండలేదను తృప్తిని కలిగించును. అయితే వైరసుల వలన గలుగు వ్యాధులలో వస్తువుల మూలమున వ్యాపించునవి యెవ్వి, గాలి మూలమున వ్యాపించునవి యెవ్వి, వస్తువులలో సైతము ఏది ముఖ్యము, ఏది కాదు అను వివేచన లేక చేసిన వ్యయము వ్యర్థము. అంతియే కాదు, నిజముగా నవసరమైన చోటికి ధనమును, పనివారును చాలకుండ జేయును. ఇల్లలుకగానే పండుగ కాదని మనవారు చెప్పుమాట ఇచ్చట అక్షరాల చెల్లును.

2. మన భాషలోని పదమే ఈ విషయమున కొంత భ్రమకు దారితీయుచున్నది. అంటువ్యాధి యనగా అంటుకొనుటచే వచ్చు వ్యాధి యని సామాన్యార్థము. కాని తట్టు ఎవ్వరిని అంటకయే వచ్చును. రోగి గదిని విడిచిపోయిన పిదప రెండు గంటల వఱకును తట్టు వైరసు ఆ గది గాలిలో నిలిచియుండగలదు. మఱియొక ప్రక్క మన యిండ్లలో "ఎంగిలి" అను మాటకు గల పట్టింపులో కొంత సత్యమున్నది. నోటి తడి తగిలిన పాత్రను వేఱొకరు నోట బెట్టరాదనుట వైరసుల విషయమున సరియైన కట్టుబాటే. ఏ పట్టింపు శాస్త్రమునకు సరిపడును, ఏది సరిపడదు అనుటను గ్రహించి ప్రజలకు బోధించుట అధికారుల పని.

వైరసు స్వభావము

3. వైరసు స్వతంత్రముగా బ్రదుకజాలదు. ఏదేని జీవియొక్క కణములో ప్రవేశించిననే తప్ప అది వృద్ధి పొందదు. బల్లమీదను, తలుపు గొళ్లెముమీదను పడిన వైరసు పెరుగదు, గంటగంటకు తగ్గిపోవుచుండును. రాత్రి మిగిలిన యన్నములో తెల్లవారునప్పటికి పెరిగిపోవు బాక్టీరియాకును దీనికిని గల ముఖ్యభేదమిది. కావున వస్తువును గూర్చి యడుగవలసిన ప్రశ్న, వైరసు దానిపై ఎంత పెరిగినది యని కాదు. ఎంత వేగముగా నశించుచున్నది యని.

4. ఆ వేగము ముఖ్యముగా వైరసు నిర్మాణమును బట్టి యుండును. కొన్ని వైరసులకు పైన పలుచని క్రొవ్వుపొర కలదు. ఇన్‌ఫ్లుయెంజా, తట్టు, కరోనా వైరసులు ఈ తెగకు జేరినవి. సబ్బును, స్పిరిటును ఆ క్రొవ్వును విడగొట్టును. పొర చినిగినచో వైరసు నిరర్థకమగును. కొన్నిటికి ఆ పొర లేదు. గట్టి మాంసకృత్తుల చిప్ప మాత్రమే యుండును. పోలియో, హెపటైటిస్-ఏ, నోరోవైరసు, రోటావైరసు, పడిశము కలిగించు రైనోవైరసు ఇట్టివి. వీనిని సబ్బు అంతగా చంపదు. చర్మమునుండి వదలించి నీటితో కొట్టుకొనిపోవునట్లు చేయును. కావుననే చేతులు రుద్దుకొనుట యెంత ముఖ్యమో, పాఱు నీటిలో కడుగుకొనుటయు నంత ముఖ్యము. హెపటైటిస్-బీ వైరసునకు క్రొవ్వుపొర యున్నను, అది ఎండిన రక్తములో ఏడు దినములవఱకైనను బ్రదికియుండగలదు. ఏ సూత్రమునకైనను ఇట్టి మినహాయింపులు కలవని గుర్తుంచుకొనవలెను.

5. ప్రయోగశాలలలో కనుగొన్న కాలపరిమితులు కొన్ని యిట్లున్నవి. 1982లో ప్రకటితమైన పరిశోధనయందు ఇన్‌ఫ్లుయెంజా వైరసు స్టీలు, ప్లాస్టిక్కు వంటి నున్నని గట్టి వస్తువులపై 24 మొదలు 48 గంటల వఱకును, బట్టపైనను కాగితముపైనను 8 మొదలు 12 గంటలకు లోపుగను ఉండెను. అదే వైరసు చేతులపై అయిదు నిమిషములకు మించి నిలువలేదు. 2020లో ప్రకటితమైన పరిశోధనలో కోవిడ్ వ్యాధిని గలిగించు కరోనా వైరసు ప్లాస్టిక్కుపై 72 గంటల వఱకును, స్టీలుపై 48 గంటల వఱకును, అట్టపై 24 గంటల వఱకును, రాగిపై 4 గంటల వఱకును కనబడెను.

6. ఈ యంకెలను చదువుటలో జాగ్రత్త కావలెను. ప్లాస్టిక్కుపై 72 గంటలనగా మూడు దినములపాటు ఒకే బలముతో నుండెనని యర్థము కాదు. స్టీలుపైనను ప్లాస్టిక్కుపైనను ఆ వైరసు ఇంచుమించు ఆఱేడు గంటలకొకసారి సగమగుచు వచ్చెను. చివరి గంటలలో మిగిలినది మొదట నుంచినదానిలో అత్యల్పభాగము. ప్రయోగశాలలో మొదట నుంచు మోతాదు సామాన్యముగా రోగి చేతినుండి గొళ్లెమునకు అంటుదానికంటె హెచ్చు. అక్కడ ఎండ లేదు. ఎండ తగిలిన చోట వైరసులు మఱింత త్వరగా నశించును. మఱియు వస్తువును దూదితో తుడిచి పరీక్షించినపుడు కనబడునది తఱచుగా చచ్చిన వైరసుయొక్క యవశేషమే. ఊక కనబడినంతమాత్రమున అక్కడ మొలకెత్తు విత్తనమున్నదని చెప్పజాలము గదా.

ఉండుట వేఱు, సంక్రమించుట వేఱు

7. వస్తువు మూలమున వ్యాధి రావలెనన్న అయిదు సంగతులు వరుసగా జరుగవలెను. మొదటిది, రోగి దేహమునుండి తగినంత వైరసు వస్తువుపై పడవలెను. రెండవది, వేఱొకరు ముట్టువఱకు అది బ్రదికియుండవలెను. మూడవది, వస్తువునుండి చేతికి తగినంత అంటవలెను. నాల్గవది, చేతిపై నశింపకముందే ఆ చేయి నోటికో ముక్కునకో కంటికో పోవలెను. అయిదవది, అట్లు పోయినది వ్యాధిని గలిగింప జాలినంత యుండవలెను. గొలుసులో ఏ యొక్క లంకె తెగినను వ్యాధి రాదు. మిక్కిలి తక్కువ ఖర్చుతో తెంపదగినది నాల్గవ లంకె, అనగా చేయి. ఊరిలోని వస్తువులన్నిటిని శుద్ధి చేయుట ఎవ్వరికిని సాధ్యము కాదు. మనుష్యునకు చేతులు రెండే.

8. మశూచికము ఇందుకు గొప్ప యుదాహరణము. మశూచికపు పొక్కులనుండి రాలిన చెక్కులను సాధారణమైన గది వేడిమిలో నుంచి చూడగా పదుమూడేండ్లకు పిదపకూడ వాటిలో వైరసు బ్రదికియున్నట్లు 1968లో ప్రకటితమైనది. వస్తువులపై నుండుటయే వ్యాప్తికి చాలినచో ఆ వ్యాధి యెన్నటికిని తొలగియుండదు. కాని చెక్కులలోని వైరసు గట్టిపడిన రసములో బంధింపబడియుండెను. వ్యాధి ముఖ్యముగా రోగికి దగ్గఱగా మెలగినవారికే, అందులోను ఒకే యింటివారికే వచ్చెను. రోగి పక్కబట్టలను ఉదికినవారికి వచ్చిన సందర్భములు మాత్రము కలవు. రోగిని కనుగొని, అతని చుట్టునున్నవారికి టీకాలు వేయుటచేతనే అది నిర్మూలమైనది. వీధులు కడుగుటచేత కాదు. మన దేశమున కడపటి మశూచికము 1975 మే నెలలో కనబడెను. లోకమంతటను తొలగినదని 1980 మే 8వ తేదీన ప్రపంచ ఆరోగ్యసభ ప్రకటించెను.

9. పడిశమును గూర్చి అమెరికాలో జరిగిన రెండు పరిశోధనలు పరస్పర విరుద్ధములుగ గనబడును, రెండును సత్యములే. 1982లో ప్రకటితమైన యొకదానిలో పడిశపు వైరసు అంటిన కాఫీ కప్పుల పిడులను ముట్టి ముక్కును, కన్నులను తాకిన పదిమందిలో అయిదుగురికి వైరసు సోకెను. 1987లో ప్రకటితమైన మఱియొకదానిలో పడిశము పట్టినవారితో ఆరోగ్యవంతులు పండ్రెండు గంటలపాటు పేకాట ఆడిరి. వారిలో సగము మందికి చేయి ముఖమునకు చేరకుండ కట్టుదిట్టములు చేసిరి. అట్టి పదునెనిమిదిమందిలో పదిమందికిని, కట్టుదిట్టములు లేని పదునెనిమిదిమందిలో పండ్రెండుగురికిని వైరసు సోకెను. పిదప రోగుల చేతులలో నలిగి బాగుగా మలినమైన పేకలను వేఱొక గదిలో పండ్రెండుగురు ఆరోగ్యవంతులకిచ్చి మఱి పండ్రెండు గంటలు ఆడింపగా వారిలో ఒక్కరికిని రాలేదు. దీనిని బట్టి తేలునదేమన, అప్పుడే అంటిన తడి వెంటనే ముక్కునకో కంటికో చేరినచో వస్తువు మూలమున పడిశము రాగలదు. సామాన్యమైన నడవడిలో మాత్రము దానికి గాలియే పెద్దదారి.

వస్తువులు ముఖ్యమైన వ్యాధులు

10. వాంతులు, విరేచనములు, కామెర్లు గలిగించు వైరసుల విషయము వేఱు. ఇవి మలమునందును, కొన్ని వాంతియందును అపారముగా వెడలును. వీనికి క్రొవ్వుపొర లేనందున దినములకొలది నిలుచును. కొద్ది కణములే వ్యాధికి చాలును. నోరోవైరసు నూఱు కణములకు లోపైనను చాలునని పరిశోధకుల యంచనా. పైన చెప్పిన అయిదు లంకెలును ఇచ్చట గట్టివి.

11. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రపు జట్టొకదానికి 2010 అక్టోబరులో జరిగిన సంగతి దీనికి తార్కాణము. పందెములకై పొరుగు రాష్ట్రమునకు వెళ్లిన బాలికల బంతియాట జట్టులో ఒక బాలికకు రాత్రివేళ వాంతులైనవి. ఆమె యుపయోగించిన స్నానపుగదిలోనే తినుబండారముల సంచి యొకటి యుండెను. ఆమె దానిని ముట్టలేదు. మఱునాడు ఆమె యింటికి పంపబడెను. ఆ సంచిలోని తినుబండారములను పంచుకొని తిన్న తక్కినవారిలో ఏడుగురు జబ్బుపడిరి. రెండు వారములకు పిదప సైతము ఆ సంచి ప్రక్కలను తుడిచి చూడగా నోరోవైరసు జాడ కనబడెను. వాంతి చేయునపుడు కంటికి కనబడని తుంపురులు లేచి చుట్టునున్న వస్తువులపై పడునని దీనివలన తెలియుచున్నది. రోగి యుపయోగించు మరుగుదొడ్డి చెంతను, స్నానపుగదిలోను తిండి సామగ్రి యుంచరాదన్న నియమమునకు ఇంతకంటె సాక్ష్యమక్కఱలేదు.

12. మన యిండ్లలో ఈ తెగ వైరసులకు దారితీయు వస్తువులు కొన్నిటిని పేర్కొనవచ్చును. మంచినీళ్ల కుండ మొదటిది. చెంబుతో పాటు వ్రేళ్లుకూడ నీటిలో మునిగినచో ఒకరి చేతి మాలిన్యము ఇంటిల్లిపాదికి పంపకమగును. మరుగుదొడ్డిలోని చెంబు, అచ్చటి కుళాయి పిడి, తలుపు గొళ్లెము రెండవది. చేయి కడుగకముందు ముట్టునవి ఇవియే. అందఱును తుడుచుకొను తువ్వాలు మూడవది. పసిపిల్లల మలగుడ్డలు, వారు నోటబెట్టు ఆటవస్తువులు నాల్గవది. రోటావైరసు చేతులపై నాలుగు గంటలకు పిదపకూడ కొంత బ్రదికియుండగలదని 1988లో ప్రకటితమైనది. ఆ వ్యాధినుండి శిశువులను కాపాడు టీకా 2016లో ఆంధ్రప్రదేశ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా రాష్ట్రములలో ప్రభుత్వ టీకాల కార్యక్రమమున మొదట ప్రవేశపెట్టబడెను. అప్పుడు వాడిన టీకా హైదరాబాదులో తయారైనది. టీకా వేయించినను చేతుల శుభ్రత మానరాదు. టీకాకు లొంగని విరేచనకారకములు పెక్కులు కలవు.

13. రక్తము మూలమున వ్యాపించు హెపటైటిస్-బీ విషయమున ముఖ్యమైన వస్తువులు మంగలి కత్తి, క్షౌరపు బ్లేడు, పండ్లు తోముకొను బ్రష్షు. ఒకే యింటివారైనను వీనిని పంచుకొనరాదు. క్షౌరశాలలలో ప్రతి మనుష్యునకును క్రొత్త బ్లేడు వాడునట్లు చూచుట పురపాలక తనిఖీదారుల విధి. దీనికగు ఖర్చు స్వల్పము, ఫలము గొప్పది.

గాలి ముఖ్యమైన వ్యాధులు

14. తట్టు, ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ మొదలగునవి ముఖ్యముగా ఊపిరి, మాట, దగ్గు మూలమున వెడలు తుంపురులచేతను సూక్ష్మబిందువులచేతను వ్యాపించును. వస్తువు మూలమున రాజాలవని కాదు, వచ్చుట అరుదు. అమెరికా ప్రభుత్వపు వ్యాధి నివారణ కేంద్రము 2021 ఏప్రిలులో తెలిపినదాని ప్రకారము, కరోనా వైరసు అంటిన వస్తువును ముట్టిన ప్రతి పదివేల పర్యాయములలో వ్యాధి సోకుట సామాన్యముగా ఒకటికంటె తక్కువ. ఇట్టి వ్యాధులయందు కిటికీలు తెఱచుట, రోగిని గాలి వచ్చు గదిలో వేఱుగ నుంచుట, ముక్కును నోటిని కప్పు మాస్కు ధరించుట, టీకా వేయించుట ముఖ్యములు. బల్ల తుడుచుట వీనికి తోడుగానే కాని బదులుగా కాదు.

చరిత్రమునుండి గ్రహించవలసినది

15. వ్యాధి యెచ్చట నున్నదని నమ్ముదుమో అచ్చటికే ధనమును, బలమును పోవును. 1896లో బొంబాయిలో ప్లేగు బయలుదేఱినపుడు దాని విషము ఇంటి గోడలలోను, నేలలోను, సామానులలోను ఉన్నదని తలంచిరి. ఇండ్లలోనికి మందునీరు చిమ్మిరి, గోడలకు సున్నము కొట్టిరి, పైకప్పులు తెఱచిరి, పేదల సామానులను కాల్చివైచిరి. 1897లో చేయబడిన యంటువ్యాధుల చట్టము అధికారులకు విశేషాధికారముల నిచ్చెను. ఇండ్ల సోదాలచే ప్రజలలో రేగిన ఆగ్రహమునకు ఫలితముగా ఆ యేటి జూను 22వ తేదీన పూనాలో ప్లేగు సంఘాధ్యక్షుడు రాండు కాల్చబడెను. మఱుసటి యేటనే, 1898లో, కరాచీలో సైమండ్ అను ఫ్రెంచి వైద్యుడు ప్లేగును ఎలుకలనుండి మనుష్యులకు చేర్చునది ఎలుకపై నుండు గోమారి యని ప్రయోగముచే చూపెను. ప్లేగు బాక్టీరియా వ్యాధి. వైరసు వ్యాధి కాదు. అయినను పాఠమొక్కటే. గోడలను కడుగుచున్నంత కాలమును ఎలుకలు సురక్షితముగ నుండెను.

16. 2020లో కోవిడ్ వచ్చినపుడు అదే 1897 నాటి చట్టము మరల వాడుకలోనికి వచ్చెను. అదే భ్రమయు వచ్చెను. పెక్కు నగరములలో వీధులపైనను, చెట్లపైనను హైపోక్లోరైటు ద్రావణము చల్లబడెను. ఆ మార్చి నెలలో ఉత్తరప్రదేశ్ లోని బరేలీలో, స్వస్థలమునకు తిరిగివచ్చుచున్న కూలివారిని రోడ్డుపై కూర్చుండబెట్టి, పిల్లలని చూడక, వారి దేహములపైనే ఆ ద్రావణమును చల్లిరి. కండ్లు మండుచున్నవని వారు మొఱపెట్టుకొనిరి. మనుష్యులపై అట్టి ద్రావణములను చల్లరాదని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2020 ఏప్రిలు 18వ తేదీన సూచన జారీ చేసెను. వీధులపై చల్లుటయు నిరుపయోగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మే నెలలో తెలిపెను. రోడ్డుమీది దుమ్మును మురికియు క్లోరిను బలమును హరించును. ఎండ తగులు రోడ్డుపై వైరసు నిలుచుటయే తక్కువ. రోడ్డును నాకువారును లేరు.

17. దీనికి ప్రతిగా మంచి యుదాహరణము కూడ మన ఖండముననే కలదు. కరాచీలోని పేదల వాడలలో 2002, 2003 సంవత్సరములందు జరిగిన పరిశోధనలో 25 వాడలవారికి సబ్బు ఉచితముగా నిచ్చి, చేతులు కడుగుకొనవలసిన వేళలను వారము వారము బోధించిరి. 11 వాడలవారిని పోల్చి చూచుటకై ఎప్పటివలెనే యుండనిచ్చిరి. సబ్బు వాడిన వాడలలో పదునైదేండ్ల లోపు పిల్లలకు విరేచనములు నూటికి 53 వంతులును, అయిదేండ్ల లోపువారికి న్యుమోనియా నూటికి 50 వంతులును తక్కువగా నుండెను. సాధారణమైన సబ్బునకును, క్రిమిసంహారక సబ్బునకును ఫలితములో భేదము కనబడలేదు. వెల హెచ్చిన సబ్బు కొనుటకంటె చౌకసబ్బును ఎక్కువ మందికి అందించుట మేలని దీనివలన స్పష్టము.

అధికారులు చేయవలసిన పనులు

18. పై సంగతులను బట్టి అధికారులు ఈ క్రింది విధముగా నడుచుకొనుట యుక్తము.

(అ) చేతులు కడుగుకొను వసతి. బడి, అంగన్‌వాడీ, సంత, బస్సు నిలయము, ఆసుపత్రి, తాలూకా కార్యాలయము అను స్థలములలో మరుగుదొడ్డికి ప్రక్కనే పాఱు నీరును సబ్బును ఉండవలెను. కుళాయి లేనిచోట అడుగున చిన్న తూము గల పీపా చాలును. ఒకే పళ్లెములోని నీటిలో పలువురు చేతులు ముంచుట కడుగుకొనుట కాదు. ఇరువది సెకండ్లు రుద్దుకొని కడుగుకొనునట్లు నేర్పవలెను. స్పిరిటు ద్రావణము నీరు లేనిచోట మంచిదే. కాని నోరోవైరసు, హెపటైటిస్-ఏ విషయమున దానిని నమ్ముకొనరాదు.

(ఆ) త్రాగునీరు. కుండకు మూత, నీరు తీయుటకు పొడుగు పిడి గల గరిటె, లేక కుండకు కుళాయి ఉండవలెనని గ్రామసభలలో బోధింపవలెను. రాగిపాత్రపై కొన్ని వైరసులు త్వరగా నశించుట నిజమే. అంతమాత్రమున మురికి నీరు మంచినీరు కాదు.

(ఇ) వంటవారు. బడిపిల్లల మధ్యాహ్న భోజనము వండువారికి వాంతులుగాని విరేచనములుగాని అయినచో, అవి నిలిచిన పిదప రెండు దినములవఱకు వంటకు రానీయరాదు. ఆ దినములకు వారి కూలి కోయరాదు. కూలి పోవునని భయపడినవారు వ్యాధిని దాచుదురు. అప్పుడు నష్టపడువారు పిల్లలు.

(ఈ) వాంతి, మలము పడిన చోటు. మొదట చేతితొడుగులును, మాస్కును ధరించి, పాతగుడ్డతోనో కాగితముతోనో మాలిన్యమును తీసివేయవలెను. మాలిన్యముపైనే క్లోరిను పోసినచో దాని బలము మాలిన్యముతోనే సరిపోవును. తరువాత నూటికి 33 వంతుల క్లోరిను గల బ్లీచింగు పొడిని లీటరు నీటికి 15 గ్రాముల చొప్పున కలిపి, తేటను వంచి, ఆ తేటతో తడిపి పది నిమిషములుంచి కడుగవలెను. తఱచుగా ముట్టు గొళ్లెములు, కుళాయి పిడులు మొదలగువానికి లీటరునకు 3 గ్రాములు చాలును. ద్రావణమును ఏ దినమునకాదినము కలుపుకొనవలెను. పొడిని మూత బిగించి పొడిచోట నుంచవలెను. మరుగుదొడ్డి కడుగు యాసిడ్డుతో దీనిని ఎన్నడును కలుపరాదు. ప్రాణాపాయమైన వాయువు పుట్టును.

(ఉ) లెక్క. ఒక కిలో పొడితో 3 గ్రాముల పాలున ఇంచుమించు 330 లీటర్ల ద్రావణమగును. ఒక వీధికి చల్లు బస్తాలు ఒక పెద్ద ఆసుపత్రియొక్క గొళ్లెములను, మరుగుదొడ్లను ఎన్ని వారములు శుభ్రముగా నుంచునో లెక్కవేసి చూచిన పిదపనే మంజూరు చేయవలెను.

(ఊ) పక్కబట్టలు. రోగి బట్టలను దులుపరాదు. వేడినీటిలో సబ్బుతో ఉదికి, ఎండలో ఆఱవేయవలెను. ఉదుకువారికి చేతితొడుగు లిప్పింపవలెను.

(ఋ) చేయనక్కఱలేనివి. కాగితములకు, ఉత్తరములకు, నాణెములకు పొగవేయనక్కఱలేదు. కూరగాయలను సబ్బుతోగాని బ్లీచింగు నీటితోగాని ఇంటిలో కడుగరాదు. పాఱు మంచినీరు చాలును. మనుష్యులపై ఏ ద్రావణమును చల్లరాదు.

పారిశుద్ధ్య కార్మికులును, రోగుల కుటుంబములును

19. వస్తువులను శుభ్రపఱచు భారము మన ఊళ్లలో పారిశుద్ధ్య కార్మికులపై పడుచున్నది. రోగి మాలిన్యమును వట్టిచేతులతో తీయుమని యాజ్ఞాపించుట అధికారికి తగదు. వారికి చేతితొడుగులు, మాస్కు, రబ్బరు చెప్పులు, పని ముగిసిన పిదప స్నానమునకు సబ్బును నీటిని సమకూర్చుట పురపాలక సంఘముయొక్క బాధ్యత. వీధికి చల్లు పొడికి ధనమున్నదనియు, చేతితొడుగులకు లేదనియు చెప్పు లెక్క సరియైన లెక్క కాదు.

20. అంటు అను మాటను పూర్వపు దురాచారములతో కలుపుకొని కొందఱు రోగి కుటుంబమును నీటి కుళాయికి రానీయరు, శవదహనమునకు అడ్డుపడుదురు, వైద్యశాలలో పనిచేయువారికి అద్దెయిల్లు ఇయ్యరు. వైరసు కులమును చూడదు, వీధిని చూడదు. రోగి యింటి గోడను ముట్టినవారికి వ్యాధి రాదు. నీరు దొరకని యింట చేతులు కడుగుకొనుట మాత్రము నిలిచిపోవును. అందుచే ఊరికే కీడు. ఇట్టి బహిష్కారములను అడ్డుకొనుట ధర్మము మాత్రమే కాక, వ్యాధి నివారణలో భాగము కూడను.

సంగ్రహము

21. వైరసు వస్తువుపై పెరుగదు, తగ్గును. వస్తువుపై నుండుట వేఱు, వ్యాధి కలిగించుట వేఱు. వాంతులు, విరేచనములు, కామెర్ల విషయమున చేయి, చెంబు, కుండ, తువ్వాలు ముఖ్యములు. రక్తము విషయమున బ్లేడు ముఖ్యము. ఊపిరితిత్తుల వ్యాధుల విషయమున గాలి ముఖ్యము. ఏ వ్యాధికైనను వీధి ముఖ్యము కాదు. సబ్బును పాఱు నీటిని అందఱికి అందించిన పిదప మిగిలిన ధనముతో తక్కినవి చేయవలెను.

తనిఖీదారుల సమావేశములలో అడుగదగిన ప్రశ్నలు

1. మీ పరిధిలోని మరుగుదొడ్లలో ఎన్నింటికి ప్రక్కనే నీరును సబ్బును నేడు ఉన్నవి?
2. గడచిన సంవత్సరమున బ్లీచింగు పొడిలో ఎంత వీధులకును, ఎంత ఆసుపత్రి, బడి మరుగుదొడ్లకును వాడబడెను?
3. రోగికి వాంతులైన గదిని శుభ్రపఱచుటలో మొదట చేయవలసినదేది? క్లోరిను ఎప్పుడు వాడవలెను, ఎందుచేత?
4. పేకల పరిశోధనకును, తినుబండారముల సంచి సంగతికిని ఫలితములు వేఱగుటకు కారణమేమి?
5. మధ్యాహ్న భోజనపు వంటమనిషి జబ్బుపడిన దినములకు కూలి ఇచ్చుటకు మీ యొద్ద ఏర్పాటున్నదా? లేనిచో దానికై యెవరికి వ్రాసితిరి?